క్యూఎమ్యూ: రాతలో బతికే యంత్రాలు

క్యూఎమ్యూ ఒక కంప్యూటర్ మీద మరో కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్ రూపంలో నడిపించే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. ‘క్విక్ ఎమ్యులేటర్’ అన్న మాటలను కుదించి ఈ పేరు పెట్టారు. ఫ్రాన్స్‌కు చెందిన ఫబ్రీస్ బెలార్డ్ 2003లో దీని మొదటి కూర్పును విడుదల చేశారు. వీడియోలతో పని చేసేవారికి సుపరిచితమైన ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను మొదలుపెట్టింది కూడా ఆయనే. క్యూఎమ్యూ ప్రధానంగా జీపీఎల్ రెండో కూర్పు లైసెన్సు కింద వెలువడుతుంది. దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని అవే షరతులతో నలుగురికీ పంచవచ్చు.

ఇది అనుకరించే ప్రాసెసర్ల జాబితా పెద్దది: పీసీల్లో ఉండే ఎక్స్86, ఫోన్లలో ఉండే ఆర్మ్, ఒకప్పటి మ్యాకింటోష్‌లలోని పవర్‌పీసీ, సన్ సర్వర్లలోని స్పార్క్, రౌటర్లలో కనిపించే మిప్స్, ఐబీఎం మెయిన్‌ఫ్రేముల ఎస్390, కొత్తగా వచ్చిన రిస్క్-ఫైవ్. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవారు ల్యాప్‌టాప్ తెర మీద తెరుచుకునే ఫోన్ కూడా క్యూఎమ్యూ పునాది మీద కట్టిందే.

ఎమ్యులేషన్ అంటే ఒక పరికరం ప్రవర్తనను తిరిగి తయారుచేయడం. ఫలానా ఆదేశం అందితే ప్రాసెసర్ ఏం చేస్తుంది? ఫలానా పోర్టులో ఫలానా అంకె రాస్తే డిస్క్ కంట్రోలర్ ఏమని బదులిస్తుంది? ఈ జవాబులన్నీ సరిగ్గా వస్తే లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు అడుగున అసలు యంత్రం లేదన్న సంగతి తెలియదు. క్యూఎమ్యూలో ఈ ప్రవర్తన అంతా చాలావరకు సీ భాషలో రాసిపెట్టిన పాఠం. ఇనుము తుప్పు పడుతుంది, చిప్పుల తయారీ ఆగిపోతుంది, విడిభాగాలు దొరకవు. పాఠాన్ని మాత్రం ప్రతి తరమూ తిరగరాసుకోవచ్చు, కొత్త యంత్రాలకు తగ్గట్టు దిద్దుకోవచ్చు. తాళపత్రాలను శిథిలం కాకముందే కొత్త ఆకుల మీదికి ఎత్తి రాసినట్టు ఈ పని జరగాలంటే మూలపాఠం అందరికీ తెరిచి ఉండాలి. క్యూఎమ్యూ విలువ అది ఉచితంగా దొరకడంలో కంటే ఈ తెరిచి ఉండడంలోనే ఎక్కువ ఉంది.

పూర్వరంగం

ఒకే పెద్ద కంప్యూటర్‌ను పలువురు పంచుకోవాలి, అయినా ఎవరికి వారికి సొంత యంత్రం ఉన్నట్టు అనిపించాలి. ఈ కోరిక 1960లలో ఐబీఎం కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో సీపీ-40, సీపీ-67 అనే వ్యవస్థలుగా రూపుదిద్దుకుంది. 1972లో ఐబీఎం వీఎం/370 పేరుతో దాన్ని వాడకందారుల ముందుకు తెచ్చింది. వర్చువల్ మెషీన్ అన్న మాట స్థిరపడింది ఆ కాలంలోనే.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఒక వ్యాసంలో దీనికి సూత్రం కట్టారు. యంత్రం స్థితిని తాకే, లేదా ఆ స్థితి ఏమిటో బయటపెట్టే ప్రతి ఆదేశమూ అధికారం లేని ప్రోగ్రాం నోట వస్తే, ప్రాసెసర్ వెంటనే పని ఆపి పై అధికారికి కబురు పంపాలి. అప్పుడే ఆ పై అధికారి, అంటే హైపర్‌వైజర్, కింద నడిచే అతిథి వ్యవస్థను అదుపులో ఉంచగలదు. మెయిన్‌ఫ్రేములు ఈ షరతుకు లొంగాయి. ఇళ్లలోకీ ఆఫీసుల్లోకీ వచ్చిన పీసీలు లొంగలేదు.

పీసీ ప్రాసెసర్‌లో ‘పాప్ఎఫ్’ అనే ఆదేశం ఇందుకు మంచి ఉదాహరణ. ఇంటరప్టులను అనుమతించాలా వద్దా అన్న గుర్తును ఇది మార్చగలదు. అధికారం లేని ప్రోగ్రాం దాన్ని వాడితే ఫిర్యాదు లేదు, కబురు లేదు. ప్రాసెసర్ ఆ గుర్తును మార్చకుండా ఊరుకుని ముందుకు సాగిపోతుంది. అతిథి ఆపరేటింగ్ సిస్టమ్ ఇంటరప్టులు ఆపేశాననుకుంటుంది, అవి ఆగవు. హైపర్‌వైజర్‌కు ఈ సంగతే తెలియదు. పెంటియమ్ ప్రాసెసర్‌లో ఇలాంటి ఆదేశాలు 17 ఉన్నాయని 2000లో జాన్ రాబిన్, సింథియా ఇర్విన్ లెక్క తేల్చారు.

ఈ 17 ముళ్లను దాటడానికి మూడు దారులు పుట్టాయి. 1999లో పీసీల కోసం వచ్చిన వీఎంవేర్ వర్క్‌స్టేషన్, అతిథి కోడ్‌లో ప్రమాదకరమైన చోట్లను నడుస్తుండగానే తిరగరాసేది. 2003లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన జెన్, అతిథి కెర్నల్‌నే ముందుగా మార్చి రాయమంది. మూడోది అన్నిటికన్నా సూటి, అన్నిటికన్నా నిదానం: అసలు ప్రాసెసర్‌ను నమ్ముకోకుండా ప్రతి ఆదేశాన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే నెరవేర్చడం. కెవిన్ లాటన్ రాసిన బాక్స్ ఎమ్యులేటర్‌ది ఈ దారి. 2000లో మాండ్రేక్‌సాఫ్ట్ దాన్ని కొని ఓపెన్ సోర్స్ చేసింది. బెలార్డ్ కూడా ఈ మూడో దారిలోనే అడుగుపెట్టి దాని వేగాన్ని మార్చారు.

దుబాసీ పని, అనువాదకుడి పని

బాక్స్ వంటి ఎమ్యులేటర్ దుబాసీ లాంటిది. దొర ఒక మాట అంటాడు, దుబాసీ దాన్ని మార్చి చెబుతాడు. అదే మాట వెయ్యిసార్లు అన్నా వెయ్యిసార్లూ మొదటి నుంచి ఆలోచించి మార్చాల్సిందే. క్యూఎమ్యూ అనువాదకుడిలా పని చేస్తుంది. అతిథి కోడ్‌లో తదుపరి మలుపు వచ్చేదాకా ఉన్న ఆదేశాలను ఒక ముక్కగా తీసుకుని, ఆతిథ్యమిచ్చే ప్రాసెసర్ భాషలోకి తర్జుమా చేసి దాచుకుంటుంది. మళ్లీ అదే చోటికి వస్తే దాచిన తర్జుమానే నడుపుతుంది. ఒక ముక్క చివర ఎప్పుడూ ఫలానా ముక్కకే వెళుతున్నదని తేలితే ఆ రెంటినీ నేరుగా ముడివేస్తుంది. ప్రోగ్రాములు ఎక్కువ సమయం కొన్ని లూపుల్లోనే తిరుగుతాయి కాబట్టి అనువాదానికి పెట్టిన ఖర్చు త్వరగానే తిరిగొస్తుంది.

ఇందులో నాకు అన్నిటికంటే అందంగా తోచేది ఫ్లాగుల సంగతి. ఎక్స్86లో ఒక కూడిక చేస్తే మొత్తంతో పాటు ఫలితం సున్నానా, రుణసంఖ్యా, పొంగి పొర్లిందా అన్న గుర్తులు కూడా మారాలి. వాటిలో చాలావాటిని ఎవరూ చదవకుండానే తర్వాతి ఆదేశం చెరిపేస్తుంది. అందుకని క్యూఎమ్యూ వాటిని వెంటనే లెక్కించదు. చివరగా జరిగిన లెక్క ఏ రకానిదో, అందులోని సంఖ్యలేమిటో మాత్రం గుర్తు పెట్టుకుంటుంది. ఎవరైనా అడిగినప్పుడే ఆ గుర్తును తేల్చి చెబుతుంది.

తర్జుమా దాచుకోవడంలో ఒక చిక్కుంది: మూలం మారిపోతే? కొన్ని ప్రోగ్రాములు నడుస్తూనే తమ కోడ్‌ను తామే తిరగరాస్తాయి. అందువల్ల తర్జుమా చేసిన మెమరీ పేజీలన్నిటి మీదా క్యూఎమ్యూ కాపలా పెడుతుంది. వాటిలో ఎవరైనా రాస్తే పాత తర్జుమాను పారేసి కొత్తగా మొదలుపెడుతుంది.

2005లో యూజ్‌నిక్స్ సమావేశానికి సమర్పించిన వ్యాసంలో బెలార్డ్ కొలతలు ఇచ్చారు. ప్రోగ్రాములను మాత్రమే అనుకరించే పద్ధతిలో పూర్ణాంకాల లెక్కలు అసలు ప్రాసెసర్‌తో పోలిస్తే సుమారు 4 రెట్లు, దశాంశాల లెక్కలు సుమారు 10 రెట్లు నెమ్మదించాయి. పూర్తి యంత్రాన్ని అనుకరించడంలో బాక్స్ కంటే సుమారు 30 రెట్ల వేగం వచ్చింది.

తొలి రోజుల్లో ఈ అనువాద యంత్రాంగం డైన్‌జెన్ అనే ఉపాయం మీద ఆధారపడింది. చిన్న చిన్న పనులను సీ భాషలో రాసి, జీసీసీ కంపైలర్‌తో ముందే యంత్రభాషగా మార్చుకుని, నడుస్తున్నప్పుడు ఆ తునకలను కోసి అతికించేవారు. జీసీసీ నాలుగో తరం కంపైలర్లు కోడ్‌ను అమర్చే తీరు మార్చేసరికి అతుకులు కుదరలేదు. చాలాకాలం క్యూఎమ్యూను పాత జీసీసీతోనే కట్టుకోవాల్సి వచ్చింది. 2008లో దాని చోట టీసీజీ అనే సొంత కోడ్ జనరేటర్ వచ్చింది. ఈనాటికీ అదే నడుస్తోంది. అతిథికి నాలుగు ప్రాసెసర్లు ఇచ్చినా ఒకే కోర్ మీద వంతులవారీగా నడిపే పరిమితి 2017 నాటి 2.9 కూర్పుతో సడలింది.

ప్రాసెసర్‌తోనే యంత్రం పూర్తి కాదు. మదర్‌బోర్డ్ చిప్‌సెట్, గడియారం, కీబోర్డ్, ఐడీఈ డిస్క్, నెట్‌వర్క్ కార్డ్, వీజీఏ, ఫ్లాపీ కూడా ఉండాలి. వీటిని అనుకరించాలంటే వాటి పత్రాలు చదవాలి, పత్రాల్లో లేని వింతలను ప్రయోగాలు చేసి కనుక్కోవాలి. క్యూఎమ్యూ పీసీలో రెండు ముఖ్యమైన నమూనాలున్నాయి. ఒకటి 1996 నాటి ఇంటెల్ 440ఎఫ్ఎక్స్ చిప్‌సెట్‌ది, రెండోది 2007 నాటి క్యూ35ది. పాత వ్యవస్థలకు మొదటిది, కొత్తవాటికి రెండోది కుదురుతాయి.

కేవీఎంతో కలయిక

ప్రాసెసర్ తయారీదారులు ఆ 17 ఆదేశాల సమస్యను చివరికి సిలికాన్‌లోనే పరిష్కరించారు. 2005 చివర ఇంటెల్, 2006లో ఏఎండీ వర్చువలైజేషన్ సదుపాయాన్ని ప్రాసెసర్లలోకి తెచ్చాయి. ఇజ్రాయెల్‌కు చెందిన కుమ్రానెట్ సంస్థలో అవీ కివిటీ ఆ సదుపాయాన్ని లినక్స్ కెర్నల్‌కు అందించే కేవీఎం మాడ్యూల్ రాశారు. 2007 ఫిబ్రవరిలో విడుదలైన లినక్స్ 2.6.20లో అది చేరింది. 2008లో రెడ్ హ్యాట్ కుమ్రానెట్‌ను కొనేసింది.

కేవీఎం ప్రాసెసర్‌ను, మెమరీని చూసుకుంటుంది. డిస్కులూ కార్డులూ దానికి తెలియవు. వాటిని కొత్తగా రాసుకునే బదులు కివిటీ బృందం క్యూఎమ్యూలో అప్పటికే ఉన్నవాటిని వాడుకుంది. మూలపాఠం తెరిచి ఉండడం వల్లే అది సాధ్యపడింది. జెన్, వర్చువల్‌బాక్స్ కూడా క్యూఎమ్యూ పరికరాల కోడ్‌ను ఇలాగే తీసుకున్నాయి. కేవీఎం కోసం కొన్నేళ్లు విడిగా సాగిన శాఖ 2012 డిసెంబరులో వచ్చిన 1.3 కూర్పుతో ప్రధాన స్రవంతిలో కలిసింది.

ఈ జోడీలో అతిథి కోడ్ నేరుగా అసలు ప్రాసెసర్ మీదే పరిగెడుతుంది, అనువాదం ఉండదు. అతిథి ఏదైనా పరికరాన్ని తాకినప్పుడు మాత్రం ప్రాసెసర్ ఆగి కేవీఎంకు, అక్కడి నుంచి అవసరమైతే క్యూఎమ్యూకు కబురు పంపుతుంది. లినక్స్ దృష్టిలో అతిథి యంత్రం మొత్తం ఒక మామూలు ప్రాసెస్, దానికిచ్చిన ఒక్కో ప్రాసెసర్ ఒక్కో థ్రెడ్. అతిథి, ఆతిథేయి ఒకే జాతి ప్రాసెసర్లయితేనే ఈ వేగం దక్కుతుంది. ఆర్మ్ చిప్ ఉన్న మ్యాక్ మీద ఆర్మ్ లినక్స్ చురుగ్గా నడుస్తుంది. అక్కడే ఎక్స్86 విండోస్ నడపాలంటే మళ్లీ టీసీజీ అనువాదమే గతి. మ్యాక్‌లో కేవీఎం పనిని ఆపిల్ హైపర్‌వైజర్ ఫ్రేమ్‌వర్క్, విండోస్‌లో మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ చేస్తాయి.

కొత్తగా వాడేవారు తరచు పడే ఇబ్బంది ఒకటి ఇక్కడే చెప్పాలి. క్యూఎమ్యూను నేరుగా కమాండ్‌తో నడిపితే, కేవీఎం కావాలని అడగనిదే అది టీసీజీతోనే మొదలవుతుంది. పీసీ నమూనాకు మెమరీ ఎంతో చెప్పకపోతే 128 ఎంబీతో సరిపెడుతుంది. ‘క్యూఎమ్యూ చాలా నిదానం’ అన్న మాట వెనక చాలాసార్లు ఈ రెండే ఉంటాయి. బయోస్ సెట్టింగుల్లో వర్చువలైజేషన్ ఆపి ఉందేమో కూడా చూసుకోవాలి. కమాండ్ల జోలికి పోనక్కర్లేదనుకునేవారికి లినక్స్‌లో వర్ట్-మేనేజర్, గ్నోమ్ బాక్సెస్, మ్యాక్‌లో యూటీఎం ఉన్నాయి. సర్వర్ల కోసం ప్రాక్స్‌మాక్స్, ఓపెన్‌స్టాక్ ఉన్నాయి.

అసలు నెట్‌వర్క్ కార్డ్‌ను అనుకరిస్తే అతిథి దాని రిజిస్టర్లను తాకిన ప్రతిసారీ ఆగడం, కబురు పంపడం తప్పదు. ఆస్ట్రేలియాకు చెందిన రస్టీ రస్సెల్ ప్రతిపాదించిన వర్టయో ఈ అవస్థను తీర్చింది. వర్చువల్ మెషీన్ల కోసమే ఊహించిన పరికరాలవి. అతిథీ ఆతిథేయీ కలిసి చూసే మెమరీలో వరుసలు పేర్చుకుని, ఒక్క పిలుపులో పెద్ద మూట అందించుకుంటాయి. లినక్స్‌లో వీటి డ్రైవర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విడిగా డ్రైవర్ల డిస్క్ ఇవ్వకపోతే వర్టయో హార్డ్ డిస్కే కనబడదు.

ఒక ఫైలులో హార్డ్ డిస్క్

అతిథి హార్డ్ డిస్క్ బయటి నుంచి చూస్తే ఒక ఫైలు. ఉన్నది ఉన్నట్టు దించిన ‘రా’ రూపంలో అది ఉండవచ్చు, క్యూఎమ్యూ సొంత రూపమైన క్యూకౌ2లోనూ ఉండవచ్చు. క్యూకౌ2 జాగాను మామూలుగా 64 కేబీ ముక్కలుగా, అవసరం పడినప్పుడే కేటాయిస్తుంది. అందుకే 40 జీబీ డిస్క్ తయారుచేసినా మొదట ఫైలు కొన్ని వందల కేబీలే ఉంటుంది. వీఎంవేర్, వర్చువల్‌బాక్స్, హైపర్-వీ డిస్క్ ఫైళ్లను కూడా క్యూఎమ్యూతో వచ్చే సాధనం ఒక రూపం నుంచి మరోదానికి మార్చిపెడుతుంది.

క్యూకౌ2లో బాగా అక్కరకొచ్చే ఏర్పాటు మూల డిస్క్. ఒక డిస్క్ ఫైలును ఆధారంగా పెట్టి దాని మీద పలుచని రెండో ఫైలు పరుస్తారు. మారని భాగాలను చదవడం కిందిదాని నుంచి, రాయడం అంతా పైదానిలో. ప్రయోగం చెడిపోతే పై ఫైలును తీసేస్తే సరి, మూలం చెక్కుచెదరదు. ఒకే మూలం మీద పదిమంది విద్యార్థులకు పది యంత్రాలు పరచవచ్చు. అయితే పైవి పరిచాక మూలాన్ని మార్చకూడదు. మారిస్తే వాటన్నిటిలో సమాచారం చిందరవందరవుతుంది. ఇంకో హెచ్చరిక: ఫైలు లోపలే తీసుకునే స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. డిస్క్ పాడైతే రెండూ కలిసే పోతాయి.

నెట్‌వర్క్ విషయంలో ప్రత్యేకంగా ఏమీ అడగకపోతే అతిథికి 10.0.2.15 చిరునామా, దానికి గేట్‌వేగా 10.0.2.2 దొరుకుతాయి. లోపలి నుంచి ఇంటర్నెట్ అందుతుంది. బయటివారు లోపలికి రావాలంటే పోర్ట్ దారి మళ్లించాలి, లేదా బ్రిడ్జ్ కట్టాలి.

ప్రోగ్రాం ఒక్కటే చాలనుకుంటే

క్యూఎమ్యూకు రెండో ముఖం ఉంది. పూర్తి యంత్రం బదులు, వేరే ప్రాసెసర్ కోసం తయారైన ఒక్క లినక్స్ ప్రోగ్రాంనే తర్జుమా చేసి, దాని సిస్టమ్ కాల్స్‌ను ఇక్కడి కెర్నల్‌కు అప్పగిస్తుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్ మీద కూర్చుని ఆర్మ్ సర్వర్ల కోసం కంటెయినర్లు కట్టేవారు, తెలిసినా తెలియకపోయినా, తరచు దీని మీదే ఆధారపడతారు.

చిప్ చేతికి రాకముందే దానికి సాఫ్ట్‌వేర్ రాయడం మరో ఉపయోగం. బర్క్‌లీలో పుట్టిన రిస్క్-ఫైవ్‌కు 2018 ఏప్రిల్‌లో వచ్చిన 2.12 కూర్పు చోటిచ్చింది. బోర్డులు అరుదుగా, ఖరీదుగా ఉన్న ఆ రోజుల్లో చాలామంది దాని లినక్స్‌ను మొదట చూసింది క్యూఎమ్యూలోనే. ఐఐటీ మద్రాసు శక్తి ప్రాసెసర్లు కూడా రిస్క్-ఫైవ్ కుటుంబానివే. ఆ బాటలో పని చేయాలనుకునే ఇంజనీరింగ్ విద్యార్థికి బోర్డ్ లేదన్న అడ్డంకి ఇప్పుడు లేదు.

గోడకు పడే బీటలు

అతిథి యంత్రంలో ఏం జరిగినా బయటికి పొక్కదన్న నమ్మకం మీదే క్లౌడ్ వ్యాపారం నిలిచింది. 2015 మేలో ఆ నమ్మకానికి దెబ్బ తగిలింది. క్రౌడ్‌స్ట్రైక్‌కు చెందిన జేసన్ గెఫ్నర్ క్యూఎమ్యూ ఫ్లాపీ కంట్రోలర్ కోడ్‌లో ‘వెనమ్’ అనే లోపాన్ని బయటపెట్టారు. కంట్రోలర్‌కు పంపే ఆదేశాలు నిల్వ ఉండే చిన్న జాగాను పొంగించి, అతిథిలో ఉన్నవారు ఆతిథేయి మీదికి దాటే వీలు అందులో ఉంది. ఆ లోపం 2004 నుంచీ అక్కడే ఉంది. ఫ్లాపీలు జనం మరిచిపోయినా వాటి కంట్రోలర్ సర్వర్లలో నడుస్తూనే ఉంది. ఆ కోడ్‌ను పంచుకున్న జెన్‌కూ వర్చువల్‌బాక్స్‌కూ కూడా ముప్పు తప్పలేదు.

పాత యంత్రాలన్నిటినీ మోయాలన్న ఆశయానికి ఇది మూల్యం. ప్రతి పరికరమూ ఒక తలుపే. క్యూఎమ్యూను అధికారాలు లేని యూజర్ పేరుతో నడపడం, ఎస్ఈలినక్స్ వంటి కంచె వేయడం, అక్కర్లేని పరికరాలను తీసేయడం తప్పనిసరి. అమెజాన్ 2018లో రస్ట్ భాషలో విడుదల చేసిన ఫైర్‌క్రాకర్ కేవీఎంనే వాడుతుంది, కానీ వేళ్ల మీద లెక్కించదగ్గ పరికరాలతో సరిపెడుతుంది. గూగుల్ కూడా తన క్లౌడ్‌లో కేవీఎంను ఉంచుకుని క్యూఎమ్యూ స్థానంలో సొంత కోడ్ వాడుతోంది. వాళ్ల అవసరానికి అది సరైన నిర్ణయమే. పాత డిస్క్‌ను లేపాల్సినవారికి మాత్రం ఆ సన్నని సాధనాలు పనికిరావు. వారికి ఐడీఈ, వీజీఏ, ఒక్కోసారి ఆ ఫ్లాపీ కూడా కావాలి.

తెలుగు అచ్చు లోకానికి దీంతో ఉన్న పని

తెలుగు పుస్తకాలు, కరపత్రాలు, పెళ్లి శుభలేఖలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను వంటి ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫైళ్లలో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు అక్షరాలు, ఒత్తులు, గుణింతపు గుర్తులు పరిచి ఉంటాయి. ఆ ఫాంటు, ఆ ప్రోగ్రాం లేనిదే అందులోని పాఠాన్ని నేరుగా చదవడం కష్టం. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. ఇప్పటి ఇన్‌డిజైన్ ఆ ఫైళ్లను తెరవదు. మళ్లీ అచ్చు వేయాల్సిన ఎన్నో తెలుగు పుస్తకాల మూలప్రతులు విండోస్ 98, ఎక్స్‌పీ యంత్రాల్లోనే ఉండిపోయాయి.

ఆ యంత్రాన్ని క్యూఎమ్యూలో నిలబెట్టవచ్చు. పాత హార్డ్ డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి, డీడీరెస్క్యూ వంటి సాధనంతో మొత్తం డిస్క్‌ను ఒక ఇమేజ్ ఫైలుగా దించాలి. దాన్ని మూలంగా ఉంచి, పైన క్యూకౌ2 ఫైలు పరిచి, 440ఎఫ్ఎక్స్ నమూనా పీసీలో ఐడీఈ డిస్క్‌గా ఇవ్వాలి. ఎక్స్‌పీ అయితే నెట్‌వర్క్ కార్డ్‌గా ఆర్‌టీఎల్8139 ఎంచుకోవాలి. యంత్రం మారిందని విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడగవచ్చు. లేవకుండా నీలి తెర చూపితే విండోస్‌ను ఆ ఇమేజ్‌లోనే రిపేర్ చేయాల్సి రావచ్చు. మూలం భద్రంగా ఉంది కాబట్టి ఎన్నిసార్లైనా ప్రయత్నించవచ్చు. యూఎస్‌బీ లాక్ పరికరంతో వచ్చిన సాఫ్ట్‌వేర్ అయితే ఆ లాక్‌ను నేరుగా అతిథికి అప్పగించే వీలుంది. ఎక్స్‌పీకి ఎప్పుడో భద్రతా సవరణలు ఆగిపోయాయి. పని కుదుటపడ్డాక దానికి ఇంటర్నెట్ ఇవ్వకుండా ఉంచడమే మేలు.

డీటీపీ కేంద్రాలు నడిపినవారు, పుస్తకాలు వేసినవారు, సొంత రాతలు దాచుకున్నవారు పాత కంప్యూటర్‌ను తుక్కుకు ఇచ్చే ముందు దాని హార్డ్ డిస్క్‌ను విప్పి పక్కన పెట్టండి. ఫైళ్లను ఏరుకుని కాపీ చేయడంతో ఆగకండి. ఫాంట్లతో, ప్రోగ్రాములతో సహా డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా దించండి. ఆ ఇమేజ్‌కు ఇంకో ప్రతి తీసి వేరే చోట ఉంచండి. ఆగిపోయిన డిస్క్‌ను క్యూఎమ్యూ చదవలేదు. ఈ పని డిస్క్ తిరుగుతున్నప్పుడే చేయాలి.